రామప్ప, లక్నవరం, వరంగల్ రెండు రోజుల్లో అవుతాయా? అవుతాయి, కానీ చెరువు కట్ట ఎక్కకుండా వెళ్లకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి సొంత కారులో ఐదుగురు వస్తున్నారు. అమ్మానాన్నలకు అరవై దాటాయి, పాపకు ఏడేళ్లు. శని, ఆదివారాలు రెండు రోజులే సెలవు. వీడియోల్లో వరంగల్, రామప్ప, లక్నవరం, బొగత, మేడారం అన్నీ ఒకే ట్రిప్పులో చూపిస్తున్నారు, మాకూ కుదురుతుందా, ఏ నెలలో రావాలి, రామప్పలో గుడి కాకుండా ఇంకేముంది అని.

సూటిగా చెప్తాను. ఐదూ కుదరవు. బొగత, మేడారం ఈసారికి వదిలేయండి. మొదటి రోజు వరంగల్, రాత్రి హనుమకొండలో పడక, రెండో రోజు తెల్లవారుజామున బయల్దేరి రామప్ప గుడి, రామప్ప చెరువు. ఆ తర్వాత గణపురం కోటగుళ్లు, లక్నవరం రెండింటిలో ఒకటి. నెల విషయానికొస్తే సెప్టెంబర్ చివరి నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా. రామప్పలో గుడి కాకుండా ఏముందంటే, అసలు ఆ గుడి అక్కడ ఉండటానికి కారణమే ఉంది. అదే చెరువు. వచ్చేవాళ్లలో చాలామంది దాన్ని చూడకుండానే వెనక్కి తిరుగుతారు.

నేను హనుమకొండ వాడిని. చెరువుల పనులు చూసే ఉద్యోగంలోనే సర్వీసంతా గడిచింది, ఇప్పుడు రిటైరయ్యాను. చుట్టాలు ఎవరొచ్చినా రామప్ప తీసుకెళ్లే బాధ్యత నాదే. ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఆ రెండూ ఎందుకు వద్దన్నానో చెప్తాను. బొగత జలపాతం ఏటూరునాగారం దాటి, గోదావరి బ్రిడ్జి ఎక్కి, వాజేడు వైపు వెళ్తే వస్తుంది. హనుమకొండ నుంచి 120 కిలోమీటర్ల పైమాటే. అక్కడికి పోయి రావడానికే ఒక రోజు పోతుంది. మేడారం జాతర లేని రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది, మొక్కు ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లాలి. చూడ్డానికి మాత్రమే అయితే ఈ ప్లానులో ఇరికించకండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర వస్తుంది కదా, ఆ వారమే కాదు, దానికి ముందు మూడు నాలుగు వారాలు కూడా ములుగు రోడ్డు మీద కారు కదలదు. జాతర ఏడాదిలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో రామప్ప అనుకునేవాళ్లు తేదీలు చూసుకుని బయల్దేరండి.

మొదటి రోజు. ఉదయం ఐదున్నరకి బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా వరంగల్ చేరుకుంటారు. టిఫిన్ చేసి నేరుగా కోటకు వెళ్లండి. నాలుగు కీర్తి తోరణాల మధ్య ఒకప్పుడు పెద్ద శివాలయం ఉండేది. ఇప్పుడు రాళ్లు, నందులు, విరిగిన స్తంభాలు ఎండలో వరుసగా పేర్చి ఉంటాయి. పక్కనే ఖుష్ మహల్. నీడ తక్కువ కాబట్టి పదకొండు లోపే ముగించండి. మధ్యాహ్నం భోజనం, పెద్దవాళ్లకు విశ్రాంతి. నాలుగింటికి వేయిస్తంభాల గుడి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించింది, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. దీని గురించి ఎక్కువ రాయను, ఊరి మధ్యలో ఉంది, మీరే చూస్తారు.

సాయంత్రం మాత్రం భద్రకాళి చెరువు దగ్గర గడపండి. అమ్మవారి దర్శనం చేసుకుని కట్ట మీద కూర్చుంటే ఈ ఊరు ఎలా పుట్టిందో మెల్లగా తెలుస్తుంది. కాకతీయుల పద్ధతి ఒకటే: ఊరు కట్టాలంటే గుడి కావాలి, గుడి నడవాలంటే పంట కావాలి, పంటకు చెరువు కావాలి. పక్కన గోదావరి ఉంది కదా అంటారేమో. గోదావరి లోతున పారుతుంది, ఈ నేల ఎత్తులో ఉంటుంది. ఆ రోజుల్లో అంత ఎత్తుకు నీళ్లు తోడే దారి లేదు. పడిన వానను పడినచోటే ఆపుకోవాలి. అందుకే ఓరుగల్లు చుట్టూ రామప్ప, పాకాల, లక్నవరం, గణపురం అని నాలుగు పెద్ద చెరువులు, వాటి చుట్టూ ఒకటి నిండి ఇంకోదానిలోకి పారే లెక్కలేనన్ని గొలుసుకట్టు చెరువులు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది ఊరికే కాదు. అప్పుడు లెక్కలోకి వచ్చిన చెరువులు, కుంటలు 46 వేల పైచిలుకు.

రెండో రోజు తెల్లవారుజామునే ఐదింటికి లేవాల్సిందే. పాప ఏడ్చినా సరే, కారులో పడుకోబెట్టండి. హనుమకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట 65, 70 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. ములుగు రోడ్డు మీద గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయే బండ్లన్నీ ముందు ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి కదులుతాయి. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర హైవే వదిలి లోపలికి తిరగాలి.

ఇంత పొద్దున్నే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి వెలుతురు. గుడి తూర్పు ముఖం, పొద్దుటి ఏటవాలు ఎండలోనే ఎర్రరాతి గోడల మీది చెక్కడాలు లేచి కనిపిస్తాయి. రెండోది పాదాలు. గుడి ఆరడుగుల ఎత్తున్న రాతి అరుగు మీద ఉంది, చెప్పులు కిందే విడవాలి. ఒకసారి మే నెలలో మా బావమరిది కుటుంబాన్ని తీసుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు చేరాం. తప్పు నాదే, దారిలో భోజనానికి ఆలస్యం చేశాను. ఆ అరుగు పెనంలా కాలుతోంది. మా అత్తగారు రెండడుగులు వేసి మళ్లీ నీడలోకి పరుగు. గుడి చుట్టూ తిరగనే లేదు, ఆ బొమ్మలేవీ ఆమె చూడలేదు. ఇప్పటికీ రామప్ప మాటెత్తితే "కాళ్లు కాలిన గుడి" అంటుంది. ఏ నెలైనా సరే పెద్దవాళ్లకు మందపాటి సాక్సులు ఒక జత సంచిలో పెట్టుకోండి.

గుడిలో ఏం చూడాలో మూడే చెప్తాను, మిగతావి గైడు చెప్తాడు.

మొదటిది చాలామంది దాటిపోయేది, ఆవరణలోని శాసన స్తంభం. 1213 మార్చి 31 నాటిది. ఈ గుడి కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు దేవగిరి యాదవ రాజుల చేతిలో బందీగా ఉన్నప్పుడు రాజ్యం చేజారకుండా నిలబెట్టిన మనిషి. శాసనంలో దేవుడి పేరు రుద్రేశ్వరుడు. రామప్ప అన్నది శిల్పి పేరని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. రాజు పేరో, సేనాని పేరో కాకుండా చెక్కినవాడి పేరుతో గుడినీ చెరువునూ పిలుచుకోవడం నాకైతే భలే ఇష్టం.

రెండోది లోపలి రంగమండపంలోని నాలుగు నల్లరాతి స్తంభాలు. డోలరైట్ రాయి, ఉలికి అంత సులువుగా లొంగేది కాదు. ఫోన్ టార్చి వేసి పక్కవాటంగా చూపించండి. నునుపు ఎంతంటే మీ చేతి నీడ అందులో కదులుతుంది. నగల మధ్య, వేళ్ల మధ్య చెక్కిన సందులు సూదిలో దారం దూరేంత సన్నం. పాపను దగ్గరికి తీసుకెళ్లి వెతకమనండి, ఫోన్ అడగదు. బయట గోడ అడుగున గుడి చుట్టూ ఏనుగుల వరుస ఉంది, వాటిని కూడా లెక్కపెట్టమనండి. పెద్దవాళ్లకు కాస్త కూర్చునే టైం దొరుకుతుంది.

మూడోది బయట చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, పన్నెండు మంది. ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఆమె దగ్గర ఫోటోలకు క్యూ ఉంటుంది. నా ఓటు మాత్రం నాగినికి. ఈ బొమ్మల్లో, స్తంభాల మీద ఉన్న నాట్య భంగిమలు అదే కాలంలో జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి అనే నాట్య గ్రంథానికి దగ్గరగా ఉంటాయి. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు ఈ గోడలు ఆయనకు పాఠాలయ్యాయి.

గైడ్ల గురించి ఒక మాట. మనిషిని పెట్టుకోండి, వాళ్ల బతుకుతెరువు అది, చాలామంది బాగా చెప్తారు. రెండు మాటలు మాత్రం తప్పక వింటారు, అందులో ఒకదాన్ని నమ్మకండి. "మార్కో పోలో ఈ గుడిని చూసి నక్షత్రం అన్నాడు" అంటారు. ఆయన రాతల్లో కోస్తాలోని మోటుపల్లి రేవు వైపు వజ్రాలు, సన్నటి బట్టలు, రాజ్యమేలిన రాణి ఉన్నాయి గానీ పాలంపేట ఊసు లేదు. ఇక రెండోది, నీళ్లలో తేలే ఇటుకలు. ఇది మాత్రం నిజం. గర్భగుడి మీది శిఖరం నీటికంటే తేలికైన, సన్నటి రంధ్రాలున్న ఇటుకలతో కట్టారు. మీ ముందు నీళ్లలో వేసి చూపించరు, అడిగి ఇబ్బంది పెట్టకండి. పై బరువు తగ్గిస్తే కింది ఇసుక పునాది మీద ఒత్తిడి తగ్గుతుంది, ఆ తేలిక ఇటుకల అవసరం అక్కడ. మండపం నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది చూడండి, భూకంపానికి అలా కుంగిందంటారు. గుడి మాత్రం నిలబడే ఉంది. దక్షిణం పక్కనున్న కామేశ్వరాలయాన్ని మళ్లీ కట్టడానికని రాయి రాయి విప్పారు. నేను చివరిసారి చూసినప్పుడు పని ఇంకా సాగుతోంది.

2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారాలు జనం బాగా పెరిగారు. పూజలు జరిగే గుడి కూడా కాబట్టి కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజుల్లో శిల్పాలు చూడాలని రాకండి. ఆ రోజుల్లో దర్శనానికి వస్తే దాని అందం వేరు.

ఇప్పుడు నేను ఇంత రాయడానికి కారణమైన చోటికి వద్దాం. గుడి నుంచి కిలోమీటరు దూరంలో రామప్ప చెరువు. తొమ్మిదింటికల్లా గుడి ముగించి కట్ట ఎక్కండి. కారు దాదాపు కట్ట దాకా పోతుంది, మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

కట్ట మీద నిలబడి ముందు రెండు కొసలూ చూడండి. రెండు గుట్టలు కనిపిస్తాయి. ఎనిమిది వందల ఏళ్ల కింద ఈ చోటు ఎంచినవాడికి ఎత్తుపల్లాలు కొలిచే మన పరికరాలేవీ లేవు. అయినా గుట్టకూ గుట్టకూ మధ్య ఎక్కడ సందు ఇరుకో, వెనకాల ఎక్కడ నీళ్లకు జాగా ఎక్కువో కనిపెట్టాడు. చిన్న కట్ట, పెద్ద చెరువు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నన్ను ఇక్కడికే తీసుకొచ్చి "నీకు తెలిసిన లెక్కంతా వీళ్లు కళ్లతోనే వేశారు" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. సర్వీసు సగం గడిచాక గానీ ఆ మాట అర్థం కాలేదు.

తర్వాత వెనక్కి తిరిగి పొలాల వైపు చూడండి. తూము గుండా వచ్చిన నీళ్లు కాలువలో పడి పొలాల్లోకి చీలిపోతుంటాయి. వరి పైరు ఉన్న నెలల్లో వస్తే కట్టకు ఒకవైపు నీలం, ఇంకోవైపు పచ్చ. పాత రోజుల్లో తూము తెరిచి ఎవరి మడికి ఎంత నీరో చూసే మనిషిని నీరటి అనేవాళ్లు. ఊళ్లో ముసలివాళ్ల నోట ఆ మాట ఇంకా వినిపిస్తుంది.

మూడోది మత్తడి. కొన్నిచోట్ల కలుజు అనో, అలుగు అనో అంటారు. మట్టికట్ట ఇన్నేళ్లు ఎలా నిలిచిందని మా మనవరాలు అడిగితే మత్తడి చూపించాను. మట్టికట్టలు తెగేది ఎక్కువగా రెండు రకాలుగా. లోపల ఎలుక బొరియో, చెట్టు వేరో దారిచ్చి బుంగ పడటం ఒకటి. నీళ్లు కట్ట మీదుగా పొర్లి మట్టిని కోసుకుంటూ పోయి గండి పడటం ఇంకొకటి. మత్తడి కట్ట కంటే కాస్త తక్కువ ఎత్తులో రాతితో కడతారు. చెరువు నిండగానే నీళ్లు తమంతట తాము అక్కడి నుంచి దూకి కింది చెరువుకు పోతాయి. ఎవరూ గేటు ఎత్తక్కర్లేదు. అర్ధరాత్రి వాన పడినా చెరువు తనను తాను కాపాడుకుంటుంది.

ఆ మాట ఎంత నిజమో 2023 జులైలో చూశాం. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. మాలాంటి వాళ్లకు ఆ రాత్రి నిద్ర లేదు. చుట్టుపక్కల వాగులు ఊళ్ల మీద పడ్డాయి. రామప్ప కట్ట నిలిచింది. అందుకే జులై, ఆగస్టుల్లో వస్తామనేవాళ్లకు నా సలహా ఒకటే: వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు బయల్దేరకండి. వాగు రోడ్డు మీద పారుతుంటే కారు దించకండి, మోకాలి లోతే కదా అనుకోకండి. సెప్టెంబర్ చివరికి ఆ టెన్షన్ తగ్గుతుంది, చెరువు నిండుగా ఉంటుంది, ఏడాది బాగుంటే మత్తడి సన్నగా పారుతూ కూడా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు వెనక్కి పోయి శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది. ఆ ఎండిన చెరువు నాలాంటి వాడికి ఆసక్తిగానీ, మీ పాపకు కాదు.

బోటు కూడా ఉంటుంది. గాలి ఎక్కువున్నా, నీళ్లు తగ్గినా ఆపేస్తారు కాబట్టి బోటు మీదే ఆశ పెట్టుకుని పాపకు మాటివ్వకండి. ఎక్కితే లైఫ్ జాకెట్ బిగించాకే ఎక్కండి.

పదిన్నర ప్రాంతంలో కట్ట దిగాక మీరు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

నన్నడిగితే గణపురం కోటగుళ్లు. రామప్పకు దగ్గరే, భూపాలపల్లి జిల్లా. గణపసముద్రం చెరువు, దాని దగ్గర రాతి ప్రాకారం లోపల ఒకే ఆవరణలో పెద్ద గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న గుళ్లు, మొత్తం ఇరవై పైనే. సగం కూలి, గడ్డి మొలిచి ఉంటాయి. జనం ఉండరు. చూరు కింద గజకేసరి బొమ్మలు చూడండి, సగం మనిషి సగం సింహం ఏనుగు మీద ఎక్కి ఉంటాడు. రామప్పలో అందం చూశాక, ఇక్కడ అదే చేతిపని పట్టించుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కనిపిస్తుంది. మీ నాన్నగారు చరిత్ర ఇష్టపడతారని రాశారు కాబట్టి ఆయనకు ఇదే నచ్చుతుంది.

మీ పాపను అడిగితే మాత్రం లక్నవరం. మళ్లీ హైవే మీదికొచ్చి, బుస్సాపూర్ వైపు లోపలికి పోవాలి. గుట్టల మధ్య చెరువు, మధ్యలో దీవులు, వాటికి వేలాడే వంతెన. అదీ కాకతీయుల చెరువే, కానీ అక్కడ చరిత్ర వెతక్కండి, పిక్నిక్ అనుకుని వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం వంతెన మీద సెల్ఫీల రద్దీ ఉంటుంది, ఊగుతుంది కూడా. మా ఆవిడకు సగం దూరంలో కళ్లు తిరిగాయి, వెనక్కి నడిపించుకొచ్చాను. మీ అమ్మగారికి అలాంటి ఇబ్బంది ఉంటే ఒడ్డునే చెట్ల కింద కూర్చోబెట్టండి. దీవిలో ఉండటానికి గదులు ఉన్నాయి, శని ఆదివారాల్లో దొరకాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడి నుంచి హైదరాబాద్ నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి మించి ఆగకండి, చీకట్లో అడవి రోడ్డు మీద పశువులు అడ్డం వస్తాయి.

తిండి గురించి అడగలేదు గానీ చెప్తాను. పాలంపేటలో పొద్దున్నే టిఫిన్ దొరుకుతుందని నమ్ముకోవద్దు, హనుమకొండలో రాత్రే ఇడ్లీలో, బియ్యప్పిండితో చేసే సర్వపిండో కట్టించుకోండి. సర్వపిండి చల్లారినా బాగుంటుంది, నూనె కారదు, పిల్లలు తింటారు. మాంసాహారులైతే మధ్యాహ్నం చెరువు చేపల వేపుడు దొరికేచోట ఆగండి. కొర్రమట్ట ఉందంటే ధర ముందే అడగండి, తిన్నాక అడిగితే లాభం లేదు. ఒకసారి దారిలో ఒక హోటల్లో బొచ్చె చేప పెట్టి కొర్రమట్ట బిల్లు వేశారు. ముళ్లు చూసి మా తమ్ముడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఒకవేళ మీకు మూడో రోజు కూడా సెలవు దొరికితే అప్పుడు కూడా బొగత వైపు పోకండి, నర్సంపేట మీదుగా పాకాల వెళ్లండి. ఆ నాలుగు పెద్ద చెరువుల్లో నాకిష్టమైంది అదే. చుట్టూ అడవి, కట్ట మీద పెద్ద చెట్ల నీడ. తినేవి, తాగేవి వెంట తెచ్చుకోవాలి, కోతులున్నాయి కాబట్టి సంచి జిప్పు వేసే ఉంచండి.

మీరు ఏ వారంలో వస్తున్నారో ఇక్కడే రాయండి. ఆ వారం చెరువులో నీళ్లెంత ఉన్నాయో, మత్తడి పారుతోందో లేదో కనుక్కుని చెప్తాను.